రాయికి బారసాల

నేను ఇంతకుముందు ఏదీ రాయలేదు. ఐదో తరగతితో నా చదువు ఆగిపోయింది. కలం పట్టుకుంటే అక్షరాలు వస్తాయి గానీ, మనిషి ఎదురుగా లేకుండా మాట్లాడడం నాకు అలవాటు లేదు. ఎదురుగా ఉన్నా పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. అందుకే చెప్పాల్సింది తిన్నగా చెప్పేస్తాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఫణీంద్ర కొండ దిగి వెళ్ళిపోతానన్నాడు. అదంతా ఒక రాయికి పేరు పెట్టే దగ్గర వచ్చింది.

ఆ కొండ పలాస దాటాక జీడితోటల మధ్య ఉంటుంది. కొండ నెత్తిన తెల్లటి గుమ్మటం, అందులో ఆకాశం చూసే దుర్భిణి. పక్కన రెండు గదులు, ఒక వంటిల్లు. అది కట్టినాయన జోగారావు మాస్టారు. ఎక్కడో పెద్ద ఊళ్ళో ఆకాశం చూసే ఉద్యోగమే చేసి, రిటైరయ్యాక వాళ్ళక్క ఇచ్చిన తోటలో ఇది కట్టుకున్నారు. ఆయన దగ్గర నేర్చుకుంటానని వచ్చి ఉండిపోయినవాడు ఫణీంద్ర. ముప్పై దాటిన మనిషి. వంట చేసి, గదులు ఊడ్చి, ఆ ఇద్దరికీ అన్నం పెట్టేదాన్ని నేను. నా పేరు పైడితల్లి. ఆ వంటిల్లు తప్ప నాకు వేరే ఇల్లు లేదు.

మాస్టారు తక్కువ మాట్లాడతారు. ఏదైనా అడిగితే చేతికి ఏదో ఒకటి ఇచ్చి చూడమంటారు. వచ్చిన కొత్తలో, "ఆకాశం ఎంత పెద్దది మాస్టారూ" అని ఉండబట్టలేక అడిగాను. ఆయన నా చేతిలో చీపురు వైపు చూసి, "ఈ వసారా ఊడ్చడం ఎక్కడ మొదలెడతావు?" అన్నారు.

"మూల నించి."

"మేమూ అంతే," అని లోపలికి వెళ్ళిపోయారు.

రాత్రి దుర్భిణికి తగిలించిన కెమెరా దానంతటదే ఫోటోలు తీస్తుంది. పగలు ఫణీంద్ర కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని చూస్తాడు. ఆకాశంలో ఒకే ముక్కని కాసేపాగి, మళ్ళీ కాసేపాగి తీసిన ఫోటోలు. ఒకదాని తర్వాత ఒకటి గబగబా తిప్పితే చుక్కలన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఏదైనా ఒకటి పక్కకి జరిగిందంటే అది చుక్క కాదు, సూర్యుడి చుట్టూ తిరిగే రాయి. చిన్న గ్రహం అంటారట. మాస్టారు మాత్రం రాయి అనే అనేవారు.

అలా జరిగిన రాయి ఒకటి ఎన్నో ఏళ్ళ క్రితం ఫణీంద్ర కంట పడింది. ఇంకెవరూ అంతకుముందు చూడలేదట. అప్పుడు దానికి ఆ సంవత్సరం అంకె, పక్కన రెండు అక్షరాలు ఇచ్చారు. అదేం పేరని నేను నవ్వితే మాస్టారు, "బారసాల అయ్యేదాకా పిల్లని పాపాయి అనరూ? ఇదీ అంతే," అన్నారు.

ఆ రాయిని వాళ్ళు వదల్లేదు. కనపడిన కాలంలో చూసేవారు, సూర్యుడి వెనక్కి పోతే ఎదురు చూసేవారు, మళ్ళీ వస్తే పట్టుకునేవారు. ఈలోగా మాస్టారి చూపు మందగించింది. కంప్యూటర్ అక్షరాలు ఆయనకి కనపడవు. ఫణీంద్ర చదివితే వింటారు.

ఒకరోజు మధ్యాహ్నం ఫణీంద్ర గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. "మాస్టారూ, మన రాయికి నెంబరొచ్చింది!" అని అరిచాడు. ఆయన కుర్చీలోంచి లేచి అతని భుజం పట్టుకున్నారు.

నాకర్థం కాలేదు. "నెంబరొస్తే ఏటి బాబూ?" అన్నాను.

"దీని దారి ఖాయమైపోయిందన్నమాట. ఏ రోజు ఎక్కడ ఉంటుందో ఇక్కడ కూర్చుని చెప్పేయొచ్చు. ఇంక తప్పిపోదు. ఇప్పుడు పేరు పెట్టుకోవచ్చు," అన్నాడు. నాతో అతను అన్ని మాటలు మాట్లాడింది అదే మొదలు. మామూలుగా అయితే పిలవాల్సొచ్చినా "ఏవండీ" అనేవాడు, అదీ గోడతో అన్నట్టు.

ఆ పూట అన్నం దగ్గర మాస్టారు పేర్ల సంగతి చెప్పారు. కనిపెట్టిన చోటివాళ్ళు ఒక పేరు అనుకుని పంపాలి. అన్ని దేశాలవాళ్ళూ ఉన్న ఒక కమిటీ కూర్చుని అది సరేననాలి. సంగీతం పాడినవాళ్ళ పేర్లున్నాయి, పాఠాలు చెప్పినవాళ్ళవి ఉన్నాయి, వైద్యులవి, నదులవి, ఊళ్ళవి ఉన్నాయి. వ్యాపారం పేరు పెట్టనివ్వరు. పెంచుకున్న కుక్కదో పిల్లిదో పంపితే మొహం చిట్లిస్తారు.

"దేశాన్ని ఏలినవాళ్ళ పేర్లో మాస్టారూ?" అన్నాను.

"వాళ్ళు పోయి వందేళ్ళు దాటాలి. అప్పటికి కూడా వాళ్ళు మంచివాళ్ళనిపిస్తే పెట్టొచ్చు." మజ్జిగ తాగి, మామూలుగా అన్నారు, "సొంత పేరు పెట్టుకోకూడదు."

ఫణీంద్ర చేయి ముద్ద మీద ఆగిపోయింది. నేను చూశాను. నాకు చూడడం ఎక్కువ.

"పేరు పంపితే చాలదు," అన్నారు మాస్టారు. "ఆ మనిషి ఎవరో, ఎందుకు పెట్టాలో రెండు మూడు వాక్యాలు రాసి పంపాలి."

ఫణీంద్ర తల ఊపాడు. కానీ అంతకుముందే వసారా చివర నిలబడి ఫోనులో ఎవరితోనో, "నా పేరే పెడతారు చూడు," అనడం నేను విన్నాను. ఎవరితోనో తెలీదు. అతను ఆదివారం ఆదివారం కొండ దిగి వెళ్తాడు. వెళ్ళేటప్పుడు సంచి నిండుగా ఉంటుంది, సాయంత్రం వచ్చేటప్పుడు ఖాళీగా ఉంటుంది. ఎక్కడికో చెప్పడు. ఫోనులో మనిషి ఆ ఆదివారం మనిషే అయి ఉంటుందనుకున్నాను. ఆ తర్వాత నేననుకున్నవన్నీ ఇక్కడ రాయను.

పేరు సంగతి కొండ కిందికి ఎలా పాకిందో గానీ, వారం తిరక్కుండా ఒక తెల్ల కారు పైకి వచ్చింది. అందులోంచి దిగినాయన కింద మండలంలో ఒక పెద్దనాయకుడి అల్లుడు. ఆ మామగారు పోయారు. అల్లుడుగారు కాజాల పెట్టె మాస్టారి ఒళ్ళో పెట్టి, రాయికి మామగారి పేరు పెట్టించమన్నారు.

"ఆయన పోయి ఎంతకాలమైంది?" అన్నారు మాస్టారు.

"రెండేళ్ళండి."

"అయితే ఇంకో తొంభై ఎనిమిదేళ్ళు ఆగి రండి. నేనిక్కడే ఉంటాను."

అల్లుడుగారు నవ్వాలా వద్దా అన్నట్టు చూశారు. తర్వాత ఇద్దరూ జీడిచెట్ల కిందికి నడుచుకుంటూ వెళ్ళారు. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. కారు వెళ్ళిపోయింది, కాజాల పెట్టె ఉండిపోయింది. మాస్టారు రెండు తిని, మిగతావి నాకిచ్చారు. నేను వంటింట్లోకి పోయి, కాజాలన్నీ పళ్ళెంలోకి తీసి, పెట్టె అడుగున కాగితం ఎత్తి చూశాను. ఏమీ లేదు. ఏమీ లేకపోతే మరీ అనుమానం వేసింది.

మర్నాడు కొండ కింద ఒక ట్రాక్టరు గ్రావెల్ దిగింది.

ఫణీంద్ర వసారాలోంచి దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నావైపు తిరగకుండానే, "చూశారా?" అన్నాడు.

"ఏటి బాబూ?"

"రోడ్డు. పేరిస్తే రోడ్డు వేయిస్తానని ఉంటాడు."

"వందేళ్ళు కావాలన్నారు కదా."

"నాయకుడి పేరు కుదరదు. ఆయన తల్లి పేరు కుదురుతుంది, వాళ్ళ ఊరి పేరు కుదురుతుంది. చెట్ల కింద అంతసేపు ఏం మాట్లాడుకున్నారంటారు?"

నేను చీపురు తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను. కానీ ఆ మాట నాలో దిగిపోయింది. అప్పటినించి మాస్టారు ఊరికే కూర్చున్నా ఏదో దాస్తున్నట్టే కనపడేవారు. నీళ్ళు అడిగితే, ఎందుకడిగారా అనిపించేది. ఫణీంద్ర తలుపు వేసుకుంటే ఒక అనుమానం, తీసి పెట్టుకుంటే ఇంకో అనుమానం. అతనూ అంతే. మాస్టారు ఫోను ఎత్తితే చాలు, అతని గదిలో కుర్చీ చప్పుడు ఆగిపోయేది. ముగ్గురమే ఉన్న కొండ మీద ముగ్గురం మూడు గోడల వెనక ఉన్నట్టుండేది.

అప్పుడు మాస్టారు ఆ మాట అన్నారు. పొద్దున్న కాఫీ తాగుతూ, ఇద్దర్నీ పిలిచి, "రాయి పేరు నేనొక్కణ్ణే అనుకోను. రేపు మీరిద్దరూ తలొక పేరు చెప్పండి. ఎవరి పేరు వాళ్ళు చెప్పకూడదు. నా పేరు ఇద్దరూ చెప్పకూడదు," అన్నారు.

"నేనా?" అన్నాను.

"నువ్వే. ఆ రాయిని చూసినవాడికి రోజూ అన్నం పెట్టావు కదా."

ఫణీంద్ర మొహం ఎర్రబడింది. ఆయన వెళ్ళాక, "నాటకం. ఎప్పుడో అనేసుకున్నారు. మనచేత చెప్పించి, అందులో ఏదీ బాగాలేదనేస్తే సరిపోతుంది," అన్నాడు.

ఆ రోజు పదకొండింటికి నేను బెండకాయలు తరుగుతుంటే అతను వంటింట్లోకి వచ్చాడు. వచ్చినప్పటినించీ అతను వంటింటి గడప దాటడం నేను చూడలేదు. వచ్చి పీట లాక్కుని కూర్చుని, "ఇలా ఇవ్వండి, నేను తరుగుతాను," అన్నాడు.

"వద్దులే బాబూ. జిగురు."

"అక్కా," అన్నాడు.

ఏవండీ నించి ఒక్క రోజులో అక్క దాకా వచ్చేశాడంటే ఏదో ఉందని అప్పుడే అనుకున్నాను.

"రేపు ఎవరి పేరు చెప్తారు?"

"నాకేటి తెలుసు? ఏదో దేవుడి పేరు చెప్పేస్తాను."

"దేవుళ్ళ పేర్లు ఎప్పుడో పెట్టేశారు. నా పేరు చెప్పండి. నేను మీ పేరు చెప్తాను."

"నా పేరెందుకు బాబూ? నేనేటి చేశానని?"

"అందుకే," అన్నాడు.

కత్తిపీట మీద నా చేయి ఆగింది. "అందుకే అంటే?"

"అంటే... ఎవరూ అనుకోరు కదా. కొత్తగా ఉంటుంది."

"నా పేరే ఖాయమైపోతే?"

నవ్వొచ్చేసింది అతనికి. ఆపుకునేలోపలే వచ్చేసింది. "అవదులెండి," అన్నాడు.

అతని లెక్క నాకర్థమైంది. రెండు పేర్లు ఎదురెదురుగా ఉంటే, ఒకటి వంటమనిషిది, ఒకటి రాయిని చూసినవాడిది. ఎవరైనా ఏది తీసేస్తారు? నా పేరు అతనికి తూకంలో రెండో వైపు పెట్టడానికి కావాలి. అంతే.

నేను మళ్ళీ బెండకాయ అందుకునేసరికి అతను గొంతు తగ్గించాడు. "చూసింది నేను. అన్నేళ్ళు దాని వెనక పడింది నేను. బెంగుళూరులో ఒకచోట రమ్మంటున్నారు. నా పేరు రాకపోతే ఎల్లుండి పొద్దున్న జీపుకి వెళ్ళిపోతాను. మాస్టారి కళ్ళు చూస్తున్నారుగా. నేను లేకపోతే ఆ గుమ్మటానికి తాళమే. తర్వాత మీరెక్కడికెళ్తారో ఆలోచించుకోండి."

అది బెదిరింపో, ఉన్నమాటో తెలీలేదు. రెండూ అయి ఉండొచ్చు. ఆ వంటింటి గోడల కేసి చూశాను. మసి పట్టిన మూల, నేను మేకు కొట్టి తగిలించుకున్న అద్దం, నా ట్రంకుపెట్టె.

"అలాగే బాబూ," అన్నాను.

అతను లేచి చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఒక్క బెండకాయ కూడా తరగలేదు.

మర్నాడు పొద్దున్న పొయ్యి మీద ఎసరు పెట్టాను. మాస్టారు గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వచ్చారు. వెనకే ఫణీంద్ర. "ఇక్కడే కూర్చుందాం," అని ఆయన నేల మీద మఠం వేసుకున్నారు. మేమిద్దరం చెరో పక్కా కూర్చున్నాం. నేను మాస్టారి ముందు కూర్చోవడం అదే మొదటిసారి. చీర కొంగు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

"పెద్ద పళ్ళెం ఒకటి ఇవ్వు. ఎసట్లో పోసే బియ్యం అందులో పోసెయ్యి," అన్నారు.

పోశాను. ఆయన అరచేత్తో బియ్యాన్ని పళ్ళెమంతా చదును చేశారు. కళ్ళు కనపడకపోయినా చేయి ఎంత సమంగా పరిచిందో.

"బారసాల అన్నాక బియ్యంలో రాయాలి కదా," అన్నారు. "ఉంగరం లేదు. వేలితో రాసేద్దాం. ఫణీ, నువ్వు ముందు."

ఫణీంద్ర నావైపు ఒకసారి చూశాడు. మాట మీద ఉన్నావా అని అడిగినట్టుంది. తర్వాత చూపుడువేలితో రాశాడు. నాకు తలకిందులుగా కనపడుతోంది. అయినా నా పేరు నాకు తెలుస్తుంది కదా. బియ్యం పక్కకి జరిగి, అడుగున ఇత్తడి మెరుస్తూ, పైడితల్లి అని.

అబద్ధమని తెలిసినా ఒళ్ళు జల్లుమంది.

"ఏం రాశావు?"

"పైడితల్లి అని మాస్టారూ."

"బాగుంది." ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఎవరామె? ఆ కమిటీ వాళ్ళకి తెలీదు కదా. రెండు వాక్యాలు చెప్పు."

"మన కొండ మీద వంట చేస్తారు."

"ఒకటయింది."

ఫణీంద్ర సర్దుకుని కూర్చున్నాడు. "చాలా మంచావిడ."

"మంచావిడ అంటే తిప్పి పంపేస్తారు. ఊరికే అంటారు అందరూ. ఆమెది ఏ ఊరు?"

ఫణీంద్ర నావైపు చూడబోయి ఆగాడు.

"ఈ కొండకి ఎందుకొచ్చింది?"

ఫణీంద్ర వేలికి అంటిన బియ్యప్పొడి దులుపుకున్నాడు. మా ఊరు భావనపాడు వైపు, సముద్రం పక్కన. ఆ మాట నా నోటి చివరిదాకా వచ్చింది. కానీ నన్నెవరూ అడగలేదు. ఇద్దరూ బియ్యం కేసే చూస్తున్నారు.

"సరే," అని మాస్టారు అరచేత్తో బియ్యాన్ని మళ్ళీ చదును చేసేశారు. "ఇప్పుడు నువ్వు రాయి తల్లీ."

నాకు లోపల కొంచెం సంతోషంగానే ఉంది. దొరికిపోయాడు. ఇప్పుడు నేను చూపిస్తాను అనుకున్నాను. ఫణీంద్ర అని రాశాను. నా రాత అతని రాత కన్నా పెద్దగా, వంకరగా వచ్చింది.

"ఎవరితను?" అన్నారు మాస్టారు.

"ఆ రాయిని మొదట చూసినవాడు."

"అది రాయి సంగతి. మనిషి సంగతి చెప్పు."

"బాగా చదువుకున్నాడు. టీలో పంచదార ఎక్కువ వేసుకుంటాడు."

"ఇంకా?"

చాలా ఉంది అనుకుని నోరు తెరిచాను. తెరిచాక చూసుకుంటే, ఉన్నదంతా నేననుకున్నదే. అతను అలాంటివాడు, ఇలాంటివాడు, ఇంత కపటం, అంత గర్వం. తెలిసింది ఒక్కటీ దొరకలేదు. మాట తీరు బట్టి గోదావరి వైపు వాడని అనుకోవడమే, అదీ అడగలేదు. ఎన్నేళ్ళు నా చేతి అన్నం తిన్నాడు!

ఏదో ఒకటి అనాలి కదా అని, "ఆదివారం ఆదివారం కిందికి ఎల్తాడు," అన్నాను.

"ఎక్కడికి?"

"తెలీదు మాస్టారూ."

ఫణీంద్ర తల వంచేసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఇంత చిన్న మాటకి అతను అలా అయిపోవడం చూసి, నేనన్నదేదో తగలకూడని చోట తగిలిందనుకున్నాను. అతను ఒక్కసారిగా గట్టిగా, "మీరు ముందే అనేసుకున్నారు కదా మాస్టారూ! మాచేత ఇదంతా ఎందుకు? కింద గ్రావెల్ కూడా దిగిపోయింది," అన్నాడు.

"ఏ గ్రావెల్?"

"కొండ కింద. రోడ్డుకి. ఆ అల్లుడుగారు పోయించింది."

"నాకు కనపడదు కదా నాయనా," అన్నారు మాస్టారు. కోపం లేదు ఆ గొంతులో. "ఆయన పోయించాడని ఎవరు చెప్పారు?"

మాస్టారు నావైపు మొహం తిప్పారు.

"నువ్వడిగావా తల్లీ?"

"లేదు మాస్టారూ."

"చెట్ల కింద ఆయన నాతో ఏమన్నాడో మీలో ఎవరైనా అడిగారా?"

ఎవరం అడగలేదు. ఆయనా చెప్పలేదు.

మాస్టారు పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు. నేను రాసిన పేరు మీద వేళ్ళు పెట్టి తడిమి చూశారు. అక్షరాలు ఆ తడమడంలోనే చెదిరిపోయాయి.

"ఫణీ, మన రాయి నీకు కనపడ్డ రోజునే పేరు పెట్టేయాల్సింది. అన్నేళ్ళు ఎందుకాగాం?"

"అప్పటికి దాని దారి తెలీదు మాస్టారూ."

"దారి తెలీకుండా పెట్టకూడదా?"

"పెట్టనివ్వరు," అన్నాడు ఫణీంద్ర.

"ఊఁ," అన్నారు మాస్టారు. అరచేత్తో బియ్యం ఇంకొకసారి చదును చేసి, పళ్ళెం నా చేతికిచ్చారు. "ఎసరు మరిగిపోతోంది. ఇది వండెయ్యి. రాయి పేరుకి తొందరలేదు, పదేళ్ళు గడువుంది."

గోడ పట్టుకుని లేచి వెళ్ళిపోయారు.

నేను బియ్యం కడిగి ఎసట్లో పోశాను. మధ్యాహ్నం ముగ్గురం అదే తిన్నాం. మాస్టారు, "ఈ రోజు అన్నం బాగుంది," అన్నారు, రోజూ అన్నట్టే.

సాయంత్రం ఫణీంద్ర గదిలో బీరువా తలుపు చప్పుడు, సంచి జిప్పు లాగిన చప్పుడు వినపడ్డాయి. వెళ్ళిపోతాడు అనుకున్నాను. మాస్టారికి వినపడిందో లేదో, వసారాలో కూర్చుని ఆకాశం వైపు మొహం పెట్టి ఉన్నారు.

తెల్లారి నేను ముందుగా పాలు తెచ్చే అప్పలసూరిని అడిగాను. "కింద ఆ గ్రావెల్ ఎవరిది?"

"సెల్లు టవరు వోళ్ళది. ఏం, నీకేటి కావాల?"

"ఊరికే," అన్నాను.

రెండు గ్లాసుల్లో టీ పోశాను. ఒకదాంట్లో పంచదార ఎక్కువ వేశాను. రోజూ ఫణీంద్ర గుమ్మంలో గ్లాసు పెట్టి, తలుపు తట్టి వెనక్కి వచ్చేసేదాన్ని. ఆ రోజు తలుపు తీసే ఉంది. అతను గడప మీద కూర్చున్నాడు, పక్కన సంచి. జీపు వచ్చే వేళ దగ్గర పడింది.

గ్లాసు అతని చేతికిచ్చాను. రెండోది నా చేతిలోనే ఉంది. అతను దాని కేసి చూశాడు, తర్వాత నాకేసి చూశాడు.

సిగ్గేసింది. అయినా అడిగేశాను.

"ఆదివారాలు ఎక్కడికెల్తావు బాబూ?"

టీ మీద మీగడ కట్టింది. కింద మలుపులో జీపు హారను కొట్టింది.

"చెప్పాలంటే చాలాసేపు పడుతుంది అక్కా," అన్నాడు.

"పొయ్యి కట్టేసే వచ్చాను," అన్నాను.

గడప మీదున్న సంచి తీసి అవతల పెట్టాడు, నేను కూర్చోడానికి.